తంతిలో పేరు

రాయపూరు,
1951 జూన్ ఆఖరు

అప్పా,

క్షేమం అని మొదలుపెట్టడం నాకు చేతకాదు. రోజంతా ఇంజను నిప్పు ముందు నిలబడి పారతో బొగ్గు వేసినవాడు క్షేమం అని రాస్తే అది కాగితం మీద కూడా అబద్ధమే. బతికున్నాను. రవణ పురుడికి నీ దగ్గరకి భద్రంగా చేరిందని గార్డు సత్తిరాజు చెప్పేడు. పార్వతీపురం స్టేషన్లో దాన్ని చెయ్యి పట్టి దింపి, మూట నీకు అందించి, ఆ తరవాతే పచ్చజెండా ఊపేడట. మంచివాడు.

పెళ్ళయి రెండేళ్ళయినా నిన్ను అప్పా అనాలో అత్తా అనాలో నాకు తేలలేదు. నీ కూతుర్ని చేసుకున్న మాట నిజమే. కానీ అమ్మ పోయేక నాకు గంజి పోసి పెంచిన అక్కవి నువ్వు. కనక అప్పవే. అప్పవి కాబట్టి అడుగుతున్నాను, అత్తవైతే అడిగేవాణ్ణి కాదు.

నాకు ఇంకో తంతి కావాలి.

కోప్పడకు. మా షెడ్డులో మామూలుగా అడిగితే సెలవు పుట్టదు. ఇంటి నుంచి ఎవరికో సీరియస్ అని తంతి వస్తేనే పుడుతుంది. అందుకని ఇక్కడ అందరి అమ్మలూ సీరియస్సే. ఒరియావాళ్ళ అమ్మలు, బెంగాలీవాళ్ళ అమ్మలు, మన తెలుగువాళ్ళ అమ్మలు, ఏడాది పొడుగునా చావు దాకా వెళ్ళి వెనక్కొస్తుంటారు. మనమ్మ పేరు మీద నువ్వు ఇదివరకు పంపేవు కదా. ఒకసారి నాకు చలిజ్వరం వచ్చి పార ఎత్తలేనప్పుడు, ఇంకోసారి పరదేశి పెళ్ళికి బిలాస్‌పూరు వెళ్ళడానికి. పరదేశి తెలుసు కదా, నాతోపాటు ఫైర్‌మన్, పక్క గది.

ఇప్పుడు అమ్మ పేరు అరిగిపోయింది. కిందటిసారి ఫోర్మన్ భీమారావు నా తంతి చూసి, "మీ అమ్మ చాలా గట్టి మనిషయ్యా, యముడే విసిగిపోతున్నాడు" అన్నాడు. పక్కనున్న గుమాస్తాలు నవ్వేరు. నా చేతిలో పార లేకపోబట్టి సరిపోయింది.

కనక ఈసారి వేరే పేరు పెట్టు. ఎవరి పేరైనా సరే. వచ్చే నెల తెలీబంధా చెరువు గట్టు మీద షెడ్డు వాళ్ళందరి మీటింగు. పన్నెండు గంటల డ్యూటీ తగ్గించాలని. నన్ను మాట్లాడమన్నారు. బడి గుమ్మం ఎక్కనివాణ్ణి, దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, నన్ను! ఏ రోజు పెట్టినా నాకు ధమ్తరీ బండి డ్యూటీ తప్పదు. తంతి లేకపోతే మీటింగు లేదు.

తేదీ తేలేక రాస్తాను.

నూకరాజు


పార్వతీపురం,
జూలై మొదట్లో

తమ్ముడు నూకరాజుకి,

అమ్మ చెప్తోంది, నేను రాస్తున్నాను. చెప్పింది చెప్పినట్టు రాయమంది.

"ఒరే, నీకు సిగ్గు నేదా? సచ్చిపోయిన అమ్మని మల్లీ మల్లీ మంచం ఎక్కిస్తన్నాం. మొదటిసారి నాను పోస్టాఫీసుకి ఎల్తే ఆ బాబు, 'ఎవరమ్మా సీరియస్సు?' అన్నాడు. మా యమ్మండి అన్నాను. అయ్యో పాపం అన్నాడు. ఇంటికొచ్చి స్నానం సేసేను, మైల వచ్చినట్టు. రెండోసారీ అంతే. ఇంక నా వల్ల కాదు.

ఎవరి పేరైనా సరే అని రాసేవు. ఎవరి పేరెట్టమంటావు? మనకి మిగిలినోలు ఎంతమందని? నీ బావ ఎప్పుడో పోయేడు. నానున్నాను, రవణుంది, దాని కడుపులో పసిగుంట ఉంది. ఇందులో ఎవర్ని మంచం ఎక్కించమంటావో నువ్వే సెప్పు.

మీటింగు కోసం సెలవు అడిగే నోటితో పురుడి కోసం అడుగు. నెలలు నిండుతున్నాయి. ఇక్కడ మగదిక్కు నేదు. ఇడ్లీ దుకాణం కట్టేసి నాను దీన్ని ఎక్కడికీ తిప్పలేను. ముందుగా వచ్చి కూకో."

ఇంతే చెప్పింది. ఇప్పుడు పప్పు రుబ్బడానికి వెళ్ళింది. మావా, ఇది నేను. నా ఒళ్ళు బాగుంది. నువ్వు నాకు మన గదిలో నేల మీద బొగ్గుతో అక్షరాలు నేర్పేవు కదా, నేను అమ్మకి అలాగే నేర్పుతున్నాను. తన పేరులో 'ద' ఎంత బాగా పెడుతుందో! దాన్ని దుకాణం గోడ మీద కూడా పెట్టింది. కొనడానికి వచ్చినవాళ్ళు ఇదేటమ్మా అంటే, "నా పేరు, మిగతాది ఇంకా రావాలి" అంటోంది.

రవణ


రాయపూరు,
జూలై

అప్పా,

నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది. నువ్వు తప్పు అన్నావని కాదు, నీకు ఇక్కడి సంగతి తెలీక అన్నావని. మొన్న మా షెడ్డులో ఒకడికి నిద్ర ముంచుకొచ్చి, నిప్పు తలుపు తీసినప్పుడు మంట ఎగదన్ని మోచేతి దాకా కాలిపోయింది. పన్నెండు గంటలు దాటి ఇంకా డ్యూటీలో ఉన్నాడు. వాడి తప్పే అని కాగితం రాసేరు. ఆ చెయ్యి చూస్తే నువ్వు కూడా అబద్ధపు తంతి పంపేదానివి. ఒకటి కాదు, పది పంపేదానివి.

మీటింగు ఈ నెల మూడో ఆదివారం. అది అవనీ, పురుడికి వస్తాను. మంత్రసాని ఇంకా టైముందని చెప్పిందని రవణ ఇక్కణ్ణించి వెళ్ళేముందు నాతో అంది. ఆడవాళ్ళు అన్నిటికీ ముందే కంగారు పడతారు.

రవణతో చెప్పు, దాని గది ఊడ్చేవాళ్ళు లేక నేల మీద దాని అక్షరాలు ఇంకా అలాగే ఉన్నాయి. నేను కాళ్ళు పక్కకి పెట్టి నడుస్తున్నాను. పక్కింటి సుక్వారో బాయి రోజూ, "బహూ కబ్ ఆహీ?" అని అడుగుతుంది. కోడలు ఎప్పుడొస్తుందని. బిడ్డతో వస్తుందని చెప్తున్నాను.

తంతి సంగతి ఇంకోసారి ఆలోచించు.

నూకరాజు


పార్వతీపురం,
జూలై

మావకి,

అమ్మ చెప్తోంది, నేను రాస్తున్నాను.

అమ్మ బాగుంది. నేను బాగున్నాను. వానలు బాగా పడుతున్నాయి. దుకాణం బాగా సాగుతోంది. నా చేతులు లావయ్యేయి, గాజులు పట్టక తీసి పెట్టేశాను. కాళ్ళ కడియాలూ అంతే. ఇడ్లీలన్నీ నేనే తినేస్తున్నాను కాబోలు.

అమ్మ ఇంకా చాలా చెప్పింది. కాగితం చాలదు.

అమ్మకి ఇప్పుడు అక్షరాలు వచ్చేయి, తన పేరు మొత్తం వచ్చు, నా పేరు వచ్చు, నీ పేరులో 'కరా' దగ్గర తడబడుతోంది. వీలైతే రా మావా. వీలుకాకపోతే మీటింగులో బాగా మాట్లాడు. నాకు రాయపూరులో అన్నం తింటూ చెప్పేవాడివి కదా, ఆ మాటలే చెప్పు. కోపం మరీ ఎక్కువ పెట్టకు. నువ్వు కోపంగా మాట్లాడితే మాట సగం మింగేస్తావు.

రవణ


తంతి
పార్వతీపురం నుంచి రాయపూరు షెడ్డుకి, గురువారం

రమణమ్మ సీరియస్. వెంటనే బయలుదేరు. దాలమ్మ.


పార్వతీపురం,
సోమవారం

నూకరాజుకి దాలమ్మ రాసింది.

ఇది నా సేతి రాతే. రాసీవోలు నేరు.

రవణ నిన్న పొద్దున్న పోయింది. ఆడగుంట. గుంట బతికుంది.

నిన్ననే దహనం అయిపోయింది. అన్ని బళ్ళూ సూసేము. నువ్వు రాలేదు.

తంతి మల్లీ ఇవ్వలేదు. ఇచ్చినా నువ్వు నమ్మవని.

దాలమ్మ


రాయపూరు,
జూలై ఆఖరు

అప్పా,

కార్డు అందింది. చావు కబురు ఇంట్లో ఉంచకూడదని సుక్వారో బాయి చించబోయింది. నేను ఇవ్వలేదు. ఆవిడకి తెలుగు రాదు, నా మొహం చూసి తెలుసుకుంది. ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, నువ్వు నమ్మినా నమ్మకపోయినా. నీ అక్షరాలు చూస్తూ కూచున్నాను. నా పేరు సరిగ్గానే రాసేవు.

ఎందుకు రాలేదని నువ్వు అడగలేదు. అడక్కపోయినా చెప్తున్నాను. భీమారావు సెలవివ్వలేదు. తంతి చూపించేను. నవ్వేడు. అమ్మలు అయిపోయేరు, ఇప్పుడు పెళ్ళాలు మొదలయ్యేరా అన్నాడు. వాణ్ణి నేను వదలను. ఆ బొగ్గు గుట్ట మీద వాడి టోపీ ఒక్కటే మిగిలే రోజు వస్తుంది, రాసి పెట్టుకో. పన్నెండు గంటలు మన చెమట తాగినవాళ్ళకి మన ఇంట్లో చావు కూడా ఎగతాళే.

నేను రాను. ఇప్పుడు వచ్చి ఏం చూడాలి? బూడిద కూడా కాలవలో కలిపేసి ఉంటారు. పిల్లని ఏం చేస్తావో నీ ఇష్టం. నాకు దాన్ని చూడాలని లేదు. దాని తప్పు కాదని తెలుసు. అయినా లేదు.

నూకరాజు


పార్వతీపురం,
శ్రావణం, శుక్రవారం

నూకరాజుకి,

ఈ ఉత్తరం రాయడానికి నాకు మూడు పూటలు పట్టింది. మద్దిలో గుంట ఏడుస్తాది. పక్కింటి సిన్నమ్మ తన గుంటడితోపాటు దీనికీ పాలిస్తంది. పున్నెం ఆవిడిది.

నిన్న సత్తిరాజు బండి ఆగినప్పుడు దుకాణానికి వచ్చేడు. ఒక మూట ఇచ్చేడు. అందులో మెత్తటి పాత సీర ముక్కలు, పసిగుంటలకి కట్టీవి. మీ ఫోర్మన్ గారి బార్య పంపిందంట. "భీమారావుగారు చాలా బాదపడ్డాడు దాలమ్మా. తంతి సూడగానే మాట్లాడకుండా నాలుగు రోజులు రాసిచ్చేడు. పోన్లే, నూకరాజు ఆకరి సూపన్నా సూసేడు కదా అన్నాడు" అన్నాడు సత్తిరాజు.

నాను ఇడ్లీ పొట్లం కట్టి ఇచ్చేను. ఆడు బండెక్కిపోయేడు.

నాలుగు రోజులు సెలవిచ్చేడంట.

ఆ నాలుగు రోజులూ నువ్వెక్కడున్నావు?

దాలమ్మ


రాయపూరు,
ఆగస్టు

అప్పా,

రాయపూరులోనే ఉన్నాను.

ఇంతవరకూ రాసి కాగితం చాలాసేపు పక్కన పెట్టేను. ఇప్పుడు మిగతాది రాస్తున్నాను. నువ్వు దీన్ని ఎవరిచేతా చదివించుకోనక్కర్లేదు కాబట్టి దాచకుండా రాస్తాను.

ఆ గురువారం తంతి పరదేశి తెచ్చి ఇచ్చేడు. విప్పి చదివి నేను నవ్వేను. నవ్వేనప్పా. "మా అప్ప లొంగింది, పేరు మార్చి పంపింది" అన్నాను. నేనే కదా అడిగింది, అమ్మ పేరు అరిగిపోయింది, ఎవరి పేరైనా పెట్టమని. రవణ ఉత్తరం అప్పటికి రెండు రోజుల ముందే వచ్చింది. బాగున్నానంది. గాజులు పట్టనంతగా తింటున్నానంది. నువ్వు మీటింగు కోసమే పంపేవనుకున్నాను. పరదేశి, "ఒకవేళ నిజమేమోరా?" అన్నాడు. "నిజమైతే మా అప్ప తంతి ఇవ్వదు, తనే ఇంజనెక్కి వస్తుంది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

భీమారావు దగ్గరికి మొహం వేలాడేసుకుని వెళ్ళేను. అది నాకు బాగా వచ్చు. ఆయన నవ్వలేదు. ఎగతాళి చేశాడని నేను నీకు రాసింది పచ్చి అబద్ధం. తంతి చదివి లేచి నిలబడ్డాడు. "మొదటి పురుడా?" అన్నాడు. అవునన్నాను. "సాయంత్రం బండి ఉంది, పరిగెత్తు. ఈ కాగితాల గోలంతా వచ్చాక చూసుకుందాం" అని సంతకం పెట్టేడు. ఆ బండెక్కి ఉంటే శుక్రవారం పొద్దున్న నీ గుమ్మంలో ఉండేవాణ్ణి. బయటికొచ్చి పరదేశికి కన్ను కొట్టేను.

శుక్రవారం నిద్రపోయేను. రవణ వెళ్ళేక అంత ఒళ్ళు తెలీని నిద్ర ఎప్పుడూ పోలేదు. శనివారం తెలీబంధా చెరువులో ఈత కొట్టి, పరదేశీ నేనూ వేడి జిలేబీలు తిన్నాం. మాట్లాడవలసిన మాటలు వాడికి వినిపించేను. వాడు హిందీ సరిదిద్దేడు. ఆదివారం సాయంకాలం మీటింగు. గట్టంతా జనం. చాలామంది డ్యూటీ బట్టల్లోనే వచ్చేరు, మొహాలు కూడా కడుక్కోకుండా. నేను లేచేను. ఏమన్నానో అక్షరం మర్చిపోలేదు. "అన్నలారా, వీళ్ళు మన దగ్గర దొంగిలిస్తున్నది చెమట కాదు. పెళ్ళాం పక్కన, బిడ్డ పక్కన మనం కూచునే పొద్దుని దొంగిలిస్తున్నారు. మనం ఎవరికోసం బతుకుతున్నామో వాళ్ళ మొహం పగటి వెలుగులో చూసి ఎన్నాళ్ళయింది?" అన్నాను. చప్పట్లు కొట్టేరు. కాలిన చెయ్యివాడు ఒక చేత్తో తొడ మీద కొట్టుకున్నాడు. నన్ను ఎత్తుకున్నారు. అప్పటికి రవణ పోయి, కాలి, మీరు స్నానాలు చేసి ఇంటికొచ్చేసి ఉంటారు.

చేతిలో సెలవు పెట్టుకుని, రైలు పాసు పెట్టుకుని, నా పొద్దు నేనే దొంగిలించుకున్నాను. రైల్వేవాళ్ళు దొంగిలించలేదు.

మీటింగు తప్పని ఇప్పటికీ అనను. ఆ మాటలు తప్పని అనను. చెప్పినవాడు తప్పు. ముందు దాని దగ్గరికి వెళ్ళవలసింది. మీటింగు మళ్ళీ వస్తుంది. వచ్చింది కూడా, వచ్చే ఆదివారం ఇంకోటి ఉంది. నన్ను మాట్లాడమని మళ్ళీ అడిగేరు. తల అడ్డంగా ఊపేను. దుఃఖం అనుకుని వెళ్ళిపోయేరు.

భీమారావు నిన్న కూడా భుజం మీద చెయ్యి వేసి, "చివరిదాకా దగ్గరున్నావు, అదే నయం" అన్నాడు. ఆయన్ని కొట్టాలనిపించింది. నన్ను తిట్టనందుకు.

నువ్వన్నా తిట్టు.

నూకరాజు


పార్వతీపురం,
శ్రావణం ఆకరు

నూకరాజుకి,

తిట్టడానికి కూకున్నాను. మూడుసార్లు మొదలెట్టి సింపేసేను. నాకు తిట్టీ హక్కు నేదు. ఎందుకో సెప్తాను.

ఆ తంతి అబద్దం.

గురువారం నాడు రవణ లేసి తిరుగుతాంది. గుమ్మంలో ముగ్గెట్టింది. కాళ్ళు వాసి ఉన్నాయి, మొకం ఉబ్బింది, తలనొప్పి అంటాంది, కళ్ళ ముందు మసకలంటాంది. మంత్రసాని వచ్చి సూసి, ఇది గుర్రపువాతంలాగుంది, కడుపుతో ఉన్నోలకి ఒళ్ళు వాచీ జబ్బు, పెద్దాసుపత్రికి తీసుకెల్తే మంచిదమ్మా అంది. అంతే. సీరియస్సు అని ఆవిడ అన్లేదు. నాను అన్నాను. ఉత్తరం మీద ఉత్తరం రాయించినా నువ్వు రానందుకు కోపం వచ్చింది. ఈడికి తంతి బాస ఒకటే తెలుసు, ఆ బాసలోనే పిలుద్దాం అనుకున్నాను. పోస్టాఫీసు బాబు, "ఎవరమ్మా?" అన్నాడు. బతికున్న నా కూతురి పేరు నా నోటితో సెప్పేను. ఈసారి ఇంటికొచ్చి స్నానం సెయ్యలేదు. సేస్తే అదే మైల అవుతాదని బయమేసింది.

ఇంకోటి. ముందటి ఉత్తరంలో కాళ్ళ వాపు, తలనొప్పి, మసకలు, అన్నీ రాయమని సెప్పేను. నాను సెప్పినంతసేపూ అది తల వంచుకుని రాసింది. అప్పటికి నాకు అచ్చరాలు కూడబలుక్కోడమే గానీ రాసిన ఉత్తరం సదవడం రాదు. అది ఏం రాసిందో నాకేటి తెలుస్తాది? నువ్వు అన్నీ తెలిసీ రాలేదనుకున్నాను. నీ ఉత్తరం సూసేక తెలిసింది. అది రాయలేదు. నీ మీటింగు పాడవుతాదని రాసుండదు. పిచ్చిది.

నువ్వు శుక్రవారం దిగుతావు, నీ పాసు మీద విజీనారం పెద్దాసుపత్రికి తీసుకెల్దాం అనుకున్నాను. నీకోసం ఆగేను. నాను ఒక్కర్తినే దాన్ని రైలెక్కించి ఉండొచ్చు. ఎక్కించలేదు. నువ్వు వస్తావని. శుక్రవారం పొద్దుటి బండికి అదే తయారయి జడేసుకుని కూకుంది. శనివారం నడవలేకపోయింది. నాను స్టేషనుకి ఎల్లి వస్తా ఉంటే మంచం మీంచే, "దిగేడా?" అన్నాది. తరవాతి బండిలో అన్నాను. రాత్రికి ఒళ్ళు కొయ్యబారి కొట్టుకోవడం మొదలైంది. తెల్లారి గుంట పుట్టింది. అది గుంటని సూడలేదు.

నాను అబద్దం సెప్పేను, అది నిజం దాసింది, నువ్వు నవ్వేవు. ముగ్గురం కలిసి సేసేము. పైవోడెవడూ సెయ్యలేదు.

గుంటకి ఇంకా పేరెట్టలేదు. బియ్యంలో పేరు రాయడానికి తండ్రి కావాలంటారు. నాకిప్పుడు రాయడం వచ్చు కాబట్టి నానే రాసీగలను. రవణమ్మ అని రాద్దామనుకుంటన్నాను.

రా అని రాయను. ఇంక ఎవర్నీ రమ్మని పిలవను. పిలిస్తే ఏం జరుగుతాదో సూసేను.

దాలమ్మ


రాయపూరు,
1951 సెప్టెంబరు

అప్పా,

నువ్వు అబద్ధమే పంపేవు. కానీ ఆ అబద్ధానికి నేను వచ్చి ఉంటే నిజానికి అక్కడ ఉండేవాణ్ణి. కనక నీ అబద్ధం మీద నా బరువు పెట్టను. ఎవరు మొయ్యవలసింది వాళ్ళం మోద్దాం. ఇంకెవరి మీదా అరవను. ఇంతకాలం అరిచిన అరుపులన్నీ ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది. అరుస్తున్నంతసేపూ ఎవరూ నన్ను ఏమీ అడగలేరు.

మొన్న ఆదివారం మీటింగుకి వెళ్ళేను. మాట్లాడతానన్నాను. చప్పట్లు కొట్టి ఎక్కించేరు. జరిగింది చెప్పేను, తంతి దగ్గర్నుంచి జిలేబీల దాకా. ఒకడు, "ఇదంతా ఇక్కడెందుకు? ఫోర్మన్ల చెవిన పడితే రేపు నిజం తంతి వచ్చినా ఎవడికీ సెలవివ్వరు" అని కసిరేడు. వాడన్నది నిజమే. "అందుకే చెప్తున్నాను. అబద్ధం ఆడకుండా ఇంటికి వెళ్ళే సెలవు కావాలని అడగండి. గంటలకంటే ముందు అది అడగండి" అన్నాను. కొందరు లేచి వెళ్ళిపోయేరు. పరదేశి వెళ్ళలేదు. నాతోపాటే ఇంటిదాకా నడిచేడు. గది గుమ్మంలో, "ఆ రోజు నేను ఇంకోసారి అడగవలసిందిరా" అని లోపలికి పోయేడు.

తరవాత భీమారావు దగ్గరికి వెళ్ళేను. ఇది కూడా ఉన్నదున్నట్టు రాస్తాను.

సెలవు కాగితం బల్ల మీద పెట్టేను. ఆయన తల ఎత్తకుండా, "తంతేదీ?" అన్నాడు.

"లేదండి."

"తంతి లేదా? మరి ఈసారి ఎవరు పోయారయ్యా?"

"ఎవరూ పోలేదండి. ఒకర్తి బతికుంది. దానికోసం."

అప్పుడు తల ఎత్తేడు. నేను నిలబడే, ఆ నాలుగు రోజులూ ఎక్కడ గడిపేనో చెప్పేను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేడు. "నీ తంతి సంగతి ఇంటికి వెళ్ళి మా ఆవిడకి చెప్పాను. ఆ పూట ఆవిడ నీ పెళ్ళాం కోసం దీపం పెట్టింది" అన్నాడు. తిట్టేడప్పా, చివరికి. నువ్వు తిట్టలేనివన్నీ ఆయన తిట్టేడు. తిట్టి, "ఇది విన్నాక నేను పైకి రాయక తప్పదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నా చేతుల్లో లేదు. సెలవు మాత్రం ఇవ్వలేను" అన్నాడు. రాయండి అన్నాను. కాగితం అక్కడే వదిలేసి వచ్చేను.

పార షెడ్డులో అప్పజెప్పేసేను. గది తాళం సుక్వారో బాయికి ఇచ్చేను. రవణ అక్షరాలున్న చోట తొక్కవద్దని చెప్పేను. ఆవిడ అక్కడ పీట బోర్లించింది. ఉద్యోగం మిగిలితే మీ ఇద్దర్నీ తీసుకుని ఇక్కడికే వస్తాను. పోతే నీ దుకాణంలో పప్పు రుబ్బుతాను. చేతులకి బలం ఉంది.

ఒక్క మాట. పిల్లకి రవణ పేరు పెట్టకు. మనం అమ్మ పేరు వాడేం, రవణ పేరు వాడేం. వాడుకోడం చాలు. దానికి ఇంకెవరూ వాడని పేరు చూద్దాం. బియ్యం పోసి ఉంచు, పేరు నువ్వు రాయి. నేను పక్కన కూచుని చూస్తాను.

ఈ ఉత్తరం సత్తిరాజు చేతికి ఇస్తున్నాను. వాడి బండి ముందు వస్తుంది. నేను దాని వెనక బండిలో టిక్కెట్టు కొనుక్కుని వస్తున్నాను. నడుమ నీకు ఒక పూట ఉంటుంది. చదివి ఆలోచించుకో. స్టేషనుకి రావద్దు. ఇంక ఏ బండికీ నువ్వు ఎదురురావద్దు. తలుపు తీసి ఉంటే లోపలికి వస్తాను. మూసి ఉంటే అరుగు మీద కూచుంటాను. పిల్ల ఏడుపు అక్కడికీ వినిపిస్తుంది.

నూకరాజు